బస్సు మనిషి

టేకల్ వైపు రాళ్ళ క్వారీలో రోజూ మధ్యాహ్నం తూటా పేలుస్తారు. మా బడి కిటికీ అద్దాలు గలగలమంటాయి, బోర్డు మీది సుద్దపొడి కాస్త రాలుతుంది. పిల్లలు తలెత్తకుండా రాసుకుంటూనే ఉంటారు, వాళ్ళకు అది అన్నం గంటతో సమానం. నేను మాత్రం చేతిలో పుస్తకం ఉన్నా సుద్దముక్క ఉన్నా వదిలేసి అరచేతిని గోడకు ఆనిస్తాను. కావాలని చేసేది కాదు, చెయ్యి తనంతట తనే పోతుంది. మొన్న తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల, గోడ పడిపోతుందని పట్టుకుంటారా టీచర్ అని అడిగింది. క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వాను. పట్టుకోవడం కాదమ్మా, వినడం అన్నాను. ఎవరు నేర్పించారు అంది. "మా లైన్లో ఉండే ఒక పెద్దాయన" అని చెప్పి మళ్ళీ పాఠంలో పడిపోయాను.

పాఠం చెప్పానన్న మాటే గానీ ఇంటికి వచ్చేదాకా నా మనసు మనసులో లేదు. ఎందుకంటే ఆయన మా లైన్లో ఉండే ఒక పెద్దాయన కాదు. ఆయన పేరు గంగులప్ప, ఆయన మా చిన్నాయన. ఈ ఒక్క ముక్క చెప్పవలసిన చోట చెప్పకుండా నేను చేసిన పని ఒకటుంది. ఇన్నేళ్ళ తరవాత, పద్నాలుగేళ్ళ పిల్ల ముందు కూడా నా నాలుక అదే దారిన పోయిందంటే నా మీద నాకు అసహ్యం వేసింది. ఆయన్ని ఎరగనివాళ్ళ ముందైనా చెప్పుకుందామని కూర్చున్నాను.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్నదీ ఆయనదీ ఆంధ్రాలో పక్కపక్క ఊళ్ళు. బంగారు గనుల్లో పనికని కేజీఎఫ్ వచ్చి, ఒకే లైన్లో పక్కపక్క ఇళ్ళలో దిగారు. లైన్ అంటే కంపెనీ కట్టించిన ఇళ్ళ వరస, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో తుమ్మితే మూడో ఇంట్లో చిరంజీవ అనేవాళ్ళు. నాన్న గనిలో డ్రిల్లు పట్టేవాడు. చిన్నాయన టింబర్‌మ్యాన్, అంటే తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. అడుగు పెట్టే ముందు ఇనపకడ్డీతో పైరాయిని తట్టి వినాలట. ఖంగుమంటే రాయి గట్టిది, బోలుగా పలికితే లోపల విడిపోయింది. ఆయన తట్టి, తల కొంచెం పక్కకు వంచి విని, సరే అంటేనే తక్కినవాళ్ళు దాని కిందికి వెళ్ళేవాళ్ళు.

గనుల్లో బర్స్ట్ అని ఒకటుండేది. బాగా లోతున, ఒత్తిడికి తట్టుకోలేక రాయి ఉన్నట్టుండి పేలిపోవడం. కింద పేలితే పైన మా ఇళ్ళు ఊగేవి, అలమరలో స్టీలు గ్లాసులు దొర్లేవి. అప్పుడు లైన్లో ఎవరూ అరిచేవాళ్ళు కాదు. ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి, తమ ఇంటి మనిషి ఏ షిఫ్టులో ఉన్నాడో గుర్తు చేసుకుని, నడుచుకుంటూ గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పోయేవాళ్ళు. నాకు ఏడేళ్ళప్పుడు ఒక పొద్దున అలా పోయినవాళ్ళలో మా అమ్మ ఉంది. కింద ఉన్నది నాన్న, చిన్నాయన, ఇంకో ఇద్దరు. మొదటి దెబ్బ పడగానే చిన్నాయన నాన్నను గోడకు నెట్టి, తను అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడట. ఆ ఇద్దరూ పరుగెత్తారు. సాయంత్రానికి ప్రాణాలతో పైకి వచ్చింది గోడకు ఆనుకున్నవాళ్ళే. ఆ తరవాత చిన్నాయన ఎడమచెయ్యి భుజం కంటే పైకి లేవలేదు. బర్స్ట్ అయితే పరుగెత్తకూడదు, గోడకు ఆని అరచేత్తో వినాలి, రెండో దెబ్బ ఉందో లేదో గోడే చెబుతుందని ఆయన నాకు ఆ వయసులోనే నేర్పించాడు.

గనులు మూతపడ్డ ఏడాదే నాన్న పోయాడు, ఊపిరితిత్తుల్లో గని దుమ్ముతో. అమ్మ పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీకి పోయి, చీకటి పడ్డాక వచ్చేది. చిన్నాయనకు భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. రాబర్ట్‌సన్‌పేటలో వడ్రంగి షెడ్డులో తలుపులు చేసే పనికి కుదిరాడు. సాయంత్రం రాగానే మా గడపలో కూర్చునేవాడు. నేను పాఠాలు గట్టిగా చదవాలి, ఆయన వినాలి. ఆయనకు అక్షరం రాదు, అయినా ఆయన ముందు చదవడం మా హెడ్‌మాస్టరు ముందు చదవడం కంటే కష్టంగా ఉండేది. ఒకరోజు చరిత్ర పుస్తకంలోంచి, ఫలానా రాజు కాలంలో ప్రజలందరూ సుఖసంతోషాలతో ఉండేవారు అని చదివాను. ఆయన బీడీ ఆర్పాడు.

"అందురూనా? ఎవురు చెప్పినారు?"

"పుస్తకంలో ఉండాది చిన్నాయనా."

"ఉంటే ఉండనీ పాపా. నువ్వు తట్టి చూసినావా?"

ఆ మాటకు ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. పరీక్షలో అడిగేది పుస్తకంలో ఉన్నదే కదా అని మూతి ముడుచుకున్నాను. కానీ ఆ తరవాత ఏది చదివినా, ఈ ముక్క రాసింది ఎవరు, రాజుగారి మనిషా, రాళ్ళు మోసినవాడా అని లోపల ఒక కడ్డీ తడుతూనే ఉండేది. నేను చరిత్ర చదివింది అందుకే, టీచర్ని అయింది అందుకే. బీఈడీలో చేరడానికి అమ్మ భయపడితే, పాపను ఆపొద్దని వారం రోజులు మా గడప వదలకుండా కూర్చున్నది ఆయనే. ఆ ఏడాదే నాకు టైఫాయిడ్ వస్తే, ఒక్క చేత్తో నన్ను సైకిల్ వెనక ఎలా కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తొక్కాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇంత చెప్పాక అసలు సంగతికి రావాలి, కాలు ముందుకు పడటం లేదు.

నాకు మొదటి ఉద్యోగం బంగారపేట దగ్గర ఒక ఇంగ్లీషు మీడియం బడిలో దొరికింది. తోటి టీచర్లు చాలామంది బెంగళూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు, ఇస్త్రీ మడత చెదరని చీరలు, నోట్లోంచి ఊడిపడే ఇంగ్లీషు. చేరిన వారానికే ఒకావిడ మీ నాన్నగారు ఏం చేసేవారు అని అడిగింది. మైన్స్ ఆఫీసులో క్లర్కు అన్నాను. ఎందుకన్నానో తెలియదు అని రాస్తే అది రెండో అబద్ధం అవుతుంది. బాగా తెలిసే అన్నాను. అంతకు ముందు రోజే ఆవిడ లైన్ల జనం గురించి, వాళ్ళ గొంతుల గురించి, తాగుడు గురించి తమాషాగా ఏదో చెబితే అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్విన నోటితో మేమూ లైన్లోనే ఉంటామని చెప్పలేకపోయాను.

మరుసటి ఏడు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని తమిళనాడు తూర్పు తీరంలో, సముద్రం ఒడ్డున డచ్చివాళ్ళు కట్టిన పాత కోట చూపించడానికి తీసుకెళ్ళాలనుకున్నాం. తెల్లవారుజామున బస్సెక్కితే అదే రోజు తిరిగి రావచ్చు. పాఠం తయారు చేసే పని నాది. ఇంట్లో ఆ కోట గురించి చదువుతుంటే చిన్నాయన వింటూ వింటూ, సముద్రం ఎట్లుంటాదో చూడనే లేదు పాపా, బస్సులో ఒక మనిషికి జాగా ఉంటాదా అన్నాడు. నేను పుట్టిన తరవాత ఆయన నన్ను అడిగింది అదొక్కటే. ఆ మాట గుర్తు పెట్టుకోండి, నేను పెట్టుకోలేదు. సంతోషంగా తీసుకెళ్తానని చెప్పి, మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళడానికి బదులు బస్సు డ్రైవరు దగ్గరికి వెళ్ళాను. ముందు క్యాబిన్లో ఒక పెద్దాయన కూర్చుంటాడు, తెలిసిన మనిషి అన్నాను. అలా నేను ఆడబోయే అబద్ధానికి ముందుగానే సీటు వేసి పెట్టాను.

ఆయన మాత్రం తెల్ల పంచె ఉతికి, ఇస్త్రీ పెట్టించి కట్టుకుని వచ్చాడు. ఒక సంచి నిండా ఉడకేసిన చెనిక్కాయలు. దారిలో ముందు సీట్ల పిల్లలకు పంచుతూ గని కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నేను వెనక సీట్లలో పిల్లల్ని చూసే నెపంతో వెనకే ఉండిపోయాను. కోట దగ్గర దిగి, ఇసకదిబ్బ ఎక్కి సముద్రాన్ని చూసినప్పుడు ఆయన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళ చివరను వెతికాడు. తరవాత నా వైపు తిరిగి, ఇంత నీళ్ళు మన గనిలో దిగింటే ఏ పంపు తోడును పాపా అన్నాడు. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి నేను హాయిగా నవ్వాను.

కోటలో ఆయన పిల్లలకు నా కంటే మంచి టీచరు అయ్యాడు. నేను కాగితం చూసి ఫిరంగులు, గిడ్డంగులు, సమాధులు అని చెబుతుంటే, ఆయన ఇటుకల కమాను కింద నిలబడి దాన్ని వేలి కణుపులతో తట్టి, దీన్ని కట్టినోడికి పని వచ్చు, వాని పేరు యాడైనా రాసినారా అని పిల్లల్ని అడిగాడు. వాళ్ళు గోడలన్నీ వెతికారు. దొరల పేర్లు సమాధుల మీద పువ్వులు చెక్కి మరీ ఉన్నాయి, తాపీ పనివాడి పేరు ఎక్కడా లేదు. ఇద్దరు పిల్లలు దాన్ని నోటుపుస్తకంలో రాసుకోవడం చూశాను. నాకు గర్వంగా అనిపించింది, ప్రిన్సిపాల్ చూస్తుందేమోనని భయంగానూ అనిపించింది.

సముద్రం వైపు బురుజు కింద మందుగుండు దాచే నేలమాళిగ ఉంది. మెట్లు దిగి, వంగి లోపలికి వెళ్ళాలి. ఇరవైమంది పిల్లలతో మేం దిగాం, ప్రిన్సిపాల్ మెట్ల దగ్గర నిలబడింది, ఇంకెవరో యాత్రికులు కూడా ఉన్నారు. బయట పోటు ఎక్కుతున్నట్టుంది. బురుజు పునాదిలోకి ఒక పెద్ద అల వచ్చి కొట్టింది. చెవితో విన్న చప్పుడు కాదు అది, కాళ్ళ కిందినుంచి వచ్చి పళ్ళలో తగిలింది. పైనుంచి కాస్త సున్నం రాలింది. సముద్రం పక్కన పుట్టినవాళ్ళెవరికైనా అది అల. కేజీఎఫ్‌లో పుట్టినవాళ్ళకు మాత్రం అది ఇంకొకటి. నా అరచెయ్యి అప్పటికే గోడ మీద ఉంది.

"బర్స్టు! గోడకు పోండి, ఎవురూ పరిగెత్తొద్దు!"

చిన్నాయన గొంతు ఆ గదిలో మోగిపోయింది. కుడిచేత్తో దొరికిన పిల్లనల్లా గోడకు నెట్టేశాడు, ఎడమచెయ్యి లేవకపోయినా లేపబోతూ, వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక పిల్లవాడి మోచెయ్యి గీరుకుపోయింది, ఇద్దరు ఆడపిల్లలు ఏడ్చారు. రెండో అల వచ్చి కొట్టింది. ఆయన, అయ్యా దేవుడా అని, ఇంకా గట్టిగా వెనక్కి నొక్కాడు. అప్పుడు యాత్రికుల్లో ఒకాయన, అల అండీ తాతా, అల అని నవ్వాడు. తక్కినవాళ్ళూ నవ్వారు. ఎవరో ఫోను పైకెత్తి తీస్తున్నారు. చిన్నాయన కళ్ళు తెరిచి, పిల్లల్ని ఒక్కొక్కరినే చూసి, అందరూ ఉన్నారని తేలాక, పంచె దులుపుకున్నాడు.

ఆ గదిలో ఆయనకు ఏం జరిగిందో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ చేతుల మధ్య ఒకప్పుడు మా నాన్న ఉన్నాడని, అందుకే నేను తండ్రితో ఇంకో ఎనిమిదేళ్ళు బతికానని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కాపలాదారు మెట్లు దిగి వచ్చి తమిళంలో, ఎవరీ మనిషి, మీతో వచ్చినవాడా అని కేకలేశాడు. ప్రిన్సిపాల్ నా ముఖం చూసింది.

"మాతో కాదు," అన్నాను తమిళంలోనే. "బస్సు మనిషి."

కేజీఎఫ్‌లో పెరిగినవాళ్ళకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇంటి భాషలే. ఆయనకు అర్థం కాకుండా అబద్ధమాడటానికి నాకు ఒక భాష కూడా లేదు. ఆయన నా వైపు చూసి, తల కొంచెం పక్కకు వంచాడు, రాయిని తట్టి వినేటప్పటిలాగా. తరవాత కాపలాదారుకు దండం పెట్టి, ఔను సార్, నేను బస్సుతో వచ్చినోణ్ణి, తప్పయిపోయింది అని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. మేం కోట నుంచి బయటికి వచ్చేసరికి ఆయన పంచె పైకి కట్టి బస్సు అద్దాలు తుడుస్తున్నాడు. మధ్యాహ్నం చిత్రాన్నం పొట్లాలు పంచితే, మా దగ్గరికి రాకుండా డ్రైవరు పక్కన చక్రం నీడలో కూర్చుని తిన్నాడు. బస్సు వెనక్కి తిప్పేటప్పుడు వెనక నిలబడి, బస్సు ఒంటి మీద అరచేత్తో కొడుతూ రానీ రానీ అన్నాడు. ఎవరూ ఆయన్ని ఆ పని చెయ్యమనలేదు. నేను అన్న మాట అబద్ధం కాకుండా ఉండాలంటే ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలి గదా. బయల్దేరేటప్పుడు ముందు మెట్టు మీద నిలబడి, మేడం, పిల్లోళ్ళందురూ ఎక్కినారా అని అడిగాడు. పుట్టినప్పటినుంచి పాపా తప్ప ఇంకో పేరు పెట్టని మనిషి.

పొద్దున ఆయన పక్కన కూర్చున్న ఒక చిన్నపిల్ల లేచి నిలబడింది. మేడం, ఈ తాత మీ చిన్నాయన కదా, పొద్దున మాకు చెప్పాడు, మీ మేడం మా పాపే అని, అంది. బస్సులో అందరికీ వినబడింది. నేను హాజరు పట్టీలో పేర్లు వెతుకుతున్నట్టు తలొంచుకున్నాను. ఆయనే నవ్వాడు.

"లేదమ్మా, తమాషాకు అంటిని."

నా అబద్ధం నాది. ఆయన జన్మలో అబద్ధమాడగా నేను వినలేదు, ఆ పూట చిన్నపిల్ల ముందు ఆయన చేత ఆడించాను. తిరుగు దారిలో ఆరు గంటల పాటు క్యాబిన్ కిటికీకి ఆనిన ఆ తెల్లజుట్టు వెనక్కి తిరగలేదు, నేను ముందుకు పోలేదు.

మర్నాడు సాయంత్రం మామూలుగా మా గడపలో కూర్చుని, పాపా, కాఫీ ఉండాదా అని అడిగాడు. నేను కాఫీ ఇచ్చాను, క్షమాపణ దాచుకున్నాను. ఇంగ ఆ మాట ఎందుకులే అని ఆయనే వదిలేశాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను, అలా సర్దుకోవడం సుఖంగానే ఉంది. కానీ ఆయన వదిలెయ్యలేదు. మా బడివాళ్ళు ఎవరు మా ఇంటికి వచ్చినా, చెప్పుల చప్పుడు వినగానే పెరటి దారిన వెళ్ళిపోయేవాడు. నేను ఆగమనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. రెండేళ్ళకు నా పెళ్ళి అయితే, పందిరి గుంజలన్నీ తనే పాతించి, ఒక్కొక్కటీ ఊపి చూసి, మూడు రోజులు నిద్రపోలేదు. భోజనాల దగ్గర మా ప్రిన్సిపాల్ ఆయన్ని పోల్చుకుందేమో, మిమ్మల్ని ఎక్కడో చూశానే అంది. నేను రెండడుగుల దూరంలో, పట్టుచీరలో నిలబడి ఉన్నాను. ఆయన తడుముకోకుండా, షామియానా మనిషినమ్మా అన్నాడు. మా అమ్మకు అది వినబడింది. ఆ తరవాత చాలాకాలం నాతో అవసరమైనంతే మాట్లాడింది.

తరవాత నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది, బడి మారింది, మనుషులు మారారు. ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను అనే ధైర్యం నెమ్మదిగా వచ్చింది, ధైర్యం అవసరం లేని రోజులు వచ్చాక. ఆయనకూ నాన్నకు వచ్చిన జబ్బే వచ్చింది. ఊపిరి అందడం లేదని లైన్ నుంచి ఫోను వస్తే, వెళ్ళి కోలారులో ఆసుపత్రిలో చేర్చాను. నర్సు కాగితాలు తెచ్చుకుని మంచం పక్కన నిలబడి కన్నడంలో వివరాలు అడిగింది. రోగికి మీరేమవుతారు అంది. ఈసారి నేను తడబడలేదు. కూతుర్ని అన్నాను, గట్టిగా, పక్క మంచాలవాళ్ళకు వినపడేలా.

చిన్నాయన కళ్ళు తెరిచాడు. నన్ను చూసి, తరవాత నర్సు వేసుకున్న తెల్లబట్టలు, చేతిలో పెన్ను చూశాడు. పెద్ద ఉద్యోగస్తురాలు అనుకున్నాడో, నా బడి తాలూకు మనిషి అనుకున్నాడో. ఊపిరి కూడదీసుకుని, ముక్క ముక్కగా చెప్పాడు.

"కాదమ్మా. ఆమె టీచరమ్మ. నాకు ఎవురూ లేరని... మంచితనం కొద్దీ అట్లంటాది."

లేదు, నేను కూతుర్నే, రాసుకోండి అన్నాను. చిన్నాయనా, చెప్పు అన్నాను. ఆయన కాదన్నట్టు తల ఊపి, నాకు మాత్రమే తెలిసేలా కళ్ళతో ఊరుకోమన్నాడు, భయం లేదు పాపా, నేను చూసుకుంటాను అన్నట్టు. నర్సు నా వైపు తిరిగింది. ఈ కాలంలో మీలాంటివాళ్ళు అరుదు టీచర్ అంది. అంత గౌరవంగా నన్ను ఎవరూ ఎప్పుడూ చూడలేదు. సంబంధం అన్న చోట, తెలిసినవారు అని రాసి, కాగితం నా చేతికి ఇచ్చింది. సంతకం పెట్టాను.

మూడో రోజు పొద్దున ఆయన పోయాడు. కోటలో నా నోట్లోంచి జారిన ఆ ఒక్క మాటను, ఊపిరి ఉన్నంతవరకు, చిన్నాయన పడిపోనివ్వలేదు.